పెద్దమ్మ పేరు పంపే ముందు

చిరంజీవి పాపకు,

అమ్మ ఆశీస్సులు. పెద్దమ్మను పద్మశ్రీకి ప్రతిపాదిస్తూ నువ్వు రాసి పంపిన చిత్తుప్రతిని రెండుసార్లు చదివాను. కేంద్ర ప్రభుత్వపు రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో ఎవరైనా ఎవరి పేరునైనా, చివరికి తమ పేరును తామే అయినా, ప్రతిపాదించవచ్చునని నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు. అదంతా ఢిల్లీలో పలుకుబడి ఉన్నవారి వ్యవహారమనుకునేదాన్ని.

వారు అడిగింది 800 పదాలకు మించని వివరణ. అందులో మొదటి వంద పదాలను 'కరుణామూర్తి', 'పేదపిల్లల పాలిటి దేవత' వంటి మాటలకే ఖర్చుపెట్టావు. అవి ప్రతి సన్మానపత్రంలోనూ శాలువాతో పాటు వచ్చేవే. మీ పెద్దమ్మ, అంటే నేను అక్క అని పిలిచే ఆ మనిషి, ఏం చేసిందో రాయి.

1996లో నాకు పన్నెండేళ్లు. విత్తనం కోసం పెంచే సీడు పత్తి చేలో క్రాసింగ్ పనికి వెళ్లేదాన్ని. సాయంత్రం ఆడ వరుసల్లోని మొగ్గలను ఒలిచి లోపలి పుప్పొడి తిత్తులను తీసేసి, మర్నాటి ఉదయం మగ వరుసల పువ్వులను తెచ్చి ఒక్కొక్కదానికీ చేత్తో అద్దాలి. ఆడపిల్లల వేళ్లు సన్నగా ఉంటాయని, తక్కువ కూలి ఇచ్చినా ఎదురు చెప్పరని మమ్మల్నే పిలిచేవారు. విత్తనం పడకముందే మా నాన్న బయానా తీసుకునేవాడు కాబట్టి మధ్యలో మానే వీలు లేదు. పిల్లలను పని మాన్పించి బడిలో చేర్చడానికి ఊరూరా తిరిగే అక్క, మా ఇంటికి వచ్చిన మొదటి రోజు బడి మాటే ఎత్తలేదు. వరుసగా పదకొండు సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుంది. పన్నెండో రోజు బయానా ఇచ్చిన మనిషిని పంచాయతీకి పిలిపించి, మిగిలిన బాకీ నాన్న తన కూలిలో తీర్చేటట్టు ఒప్పించి, పని మానిన పిల్లలను బడికి సిద్ధం చేసే బ్రిడ్జి కోర్సు శిబిరానికి నన్ను తీసుకుపోయింది. టీసీ లేదని బడిలో చేర్చుకోకపోతే, వయసుకు తగిన తరగతిలో నన్ను కూర్చోబెట్టేదాకా ఆ వరండా వదల్లేదు.

బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుల కిందే లెక్క అన్న ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వారి సూత్రాన్ని అక్క అక్షరాలా నమ్మింది. 1991లో రంగారెడ్డి జిల్లాలో వెట్టి పిల్లలతో మొదలైన ఆ పనికి, దాన్ని నడిపించిన ఆచార్య శాంతా సిన్హా గారు 2003లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు. అటువంటి పని కోసం ఊరూరా కాలినడకన తిరిగిన అక్కలాంటి వాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా అచ్చు కాలేదు. నువ్వు రాయడానికి కారణం ఉందని నేను ఒప్పుకునేది ఇక్కడే.

శిబిరంలో నా పక్కన పడుకున్న పిల్లను పధ్నాలుగో ఏట పెళ్లికని తీసుకుపోయారు. అక్క ఆపలేకపోయింది. ఆ సంగతి ఈనాటికీ తనే ముందుగా చెబుతుంది. నువ్వు దాన్ని వదిలేశావు. వదలకు, ఎందుకంటే ప్రతి సోమవారం బడికి వెళ్లి హాజరుపట్టీ చూసి, రాని పిల్ల ఇంటికి అదే రోజు నడవడం ఆమె ఆ తర్వాతే మొదలుపెట్టింది.

నా పేరు నిస్సంకోచంగా రాయి. మిగిలినవాళ్ల పేర్లు, ఊళ్లు తీసేయి. వాళ్లిప్పుడు అత్తవారిళ్లలో ఉన్నారు, చిన్నప్పటి కూలి సంగతి అక్కడ చెప్పుకున్నారో లేదో మనకెందుకు?

అన్నిటికంటే ముందు ఆమె అనుమతి అడుగు. సన్నదు అనే పత్రం, పతకం తప్ప నగదు ఉండదనీ, పేరుకు ముందు పద్మశ్రీ అని తగిలించుకోకూడదని 1995లో సుప్రీంకోర్టు చెప్పిందనీ చెప్పు. ఆ రెండు మాటలు వింటే ఒప్పుకున్నా ఒప్పుకోవచ్చు. ఫోనులో అడిగితే మాత్రం కాదనే అంటుంది. ఆదివారం ఇంటి దగ్గరే ఉంటుంది, వెళ్లి అడుగు.

ఇట్లు,
మీ అమ్మ