నేరమే కాని దానికి పేర్లు, ఫోటోలు ఎందుకు సార్?

ఎడిటర్ గారికి నమస్తే. మాది మహారాష్ట్ర, నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బాసర దాటంగనే వస్తది. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, పొద్దుగాల రెండు భాషల పేపర్లూ తిరగేస్తం. పోయిన నెల మీ జిల్లా పేజీల ఇద్దరు మొగపిలగాండ్లు లాడ్జిల "పట్టుబడ్డరు" అని వార్త ఏసిండ్రు, ఊరి పేరు, తండ్రుల పేర్లు, మొఖానికి చేతులు అడ్డం పెట్టుకున్న ఫోటోతోటి సహా. కేసు ఏమన్న పెట్టిండ్రా అని కిందిదాక చదివితే ఒక్క సెక్షన్ లేదు. ఎట్లుంటది, ఇద్దరు మేజర్లు ఇష్టపడి కలిస్తే నేరం కాదని 2018 సెప్టెంబర్ 6 నాడే సుప్రీంకోర్టుల అయిదుగురు జడ్జిలు తీర్పు చెప్పిరి కదా. మరి క్రైం పేజీల ఎందుకచ్చినట్టు?

ఉగాండాల 2023ల చట్టం తెచ్చినప్పుడు, గేలకు యావజ్జీవం అంట, కొన్నిటికైతే ఉరి అంట అని అన్ని పేపర్లల్ల వచ్చింది, మనమూ అయ్యో అనుకుంట చదివినం. గని అక్కడ కథ చట్టంతోటి మొదలు కాలే సార్, ఒక పేపర్ కూడా దానికి తొవ్వ ఏసింది. 2010 అక్టోబర్ల కంపాలాల రోలింగ్ స్టోన్ అని ఓ చిన్న పేపర్ (అమెరికాల ఉన్నది వేరే, దానికి దీనికి సంబంధం లేదు) వీళ్లు గేలు అని చెప్పి పేర్లు, ఫోటోలు, ఇండ్లు ఎక్కడున్నయో కూడా అచ్చేసి వీళ్లను ఉరి తీయాలె అని రాసింది. మొదటి పేజీల ఫోటో వచ్చినోళ్లల్ల డేవిడ్ కాటో అనే ఆయన ఒకడు, బడిపంతులుగా చేసినాయన. ఆయన, ఇంకిద్దరు కలిసి కోర్టుకు పోతే 2011 జనవరిల గెలిచిండ్రు, పేపర్‌ది తప్పని జడ్జి చెప్పిండు. అదే నెల 26న కాటోను ఇంట్లనే సుత్తెతోటి కొట్టి చంపిండ్రు. అది సొంత గొడవ అని పోలీసులు అన్నరు, చంపినోనికి 30 ఏండ్ల జైలు కూడా పడ్డది, కాబట్టి పేపర్ చదివే చంపిండని నేను అంటలేను. గని సావుకాడ ఏమైందో చూడుండ్రి, పాస్టర్ మైకు పట్టుకొని గేలను తిట్టుడు మొదలువెట్టె, ఊరోళ్లు మేం పూడ్వం అని పక్కకు జరిగిరి, ఆఖరికి దోస్తులే పూడ్చిపెట్టుకున్నరు. ఊరంతట్ల ఆ కసి ఒక్క రోజుల పుట్టిందా?

ఈజిప్టు సంగతి ఇంకో తీరు. అక్కడ గేల మీద సపరేటు చట్టమే లేదు, వ్యభిచారం మీద 1961ల తెచ్చిన చట్టం కిందనే లోపలేస్తరు. 2001ల కైరోల నైలు నది మీద ఓ పడవ మీద పోలీసులు పడ్డరు, ఆ కేసుల 52 మందిని కోర్టుకు ఎక్కించిండ్రు, తీర్పు రాకముందే పేపర్లు వాళ్ల పేర్లు, పని చేసే జాగలు ఏసినయి. శిక్ష పడ్డది 23 మందికి. మిగిలినోళ్లు బయటికైతే వచ్చిండ్రు, మరి పేపర్ల వచ్చిన పేరును ఏ కోర్టు తుడుస్తది? మల్ల 2014 డిసెంబర్ల ఓ టీవీ యాంకరమ్మ పోలీసులతోటి కలిసి ఓ హమామ్ (అందరు స్నానాలు చేసే ఇల్లు) మీద పడ్డది, ఒంటి మీద బట్టలు సరిగ్గ లేని మొగోళ్లను పోలీసులు ఎక్కిస్తుంటే సెల్‌ఫోన్‌ల తీసుకుంట నిలవడ్డది. 26 మంది మీద కేసు పెడితే 2015 జనవరిలనే కోర్టు అందరి మీద కేసు కొట్టేసింది, ఒక్కని మీద కూడా రుజువు కాలే. అందుల ఒకాయన తర్వాత ఒంటికి నిప్పంటించుకున్నడు.

అవన్నీ కట్టర్ దేశాలు, మన దగ్గర అట్ల లేదు అంటరు కావచ్చు. 2010ల అలీగఢ్ యూనివర్సిటీల మరాఠీ చెప్పే ప్రొఫెసర్ సిరాస్ గారింట్లకు టీవీవోళ్లమని కెమెరాలు పట్టుకొని దూరలేదా? అప్పటికి ఇది నేరం కాదని ఢిల్లీ హైకోర్టు తీర్పు వచ్చి ఏడాది కూడా కాలే, అంటే అప్పుడూ నేరం కాదు. ఆయనను సస్పెండ్ చేస్తే అలహాబాద్ హైకోర్టు ఏప్రిల్ 1న దాన్ని ఆపింది, వారం తిరగకముందే ఆయన కిరాయి ఇంట్ల శవమై దొరికిండు. మా మరాఠీ మాస్టార్లు ఇప్పటికీ ఆయన కవిత్వం గురించి చెప్తరు. ఇగ మన తెలుగుల, 2011 ఫిబ్రవరిల, డేవిడ్ కాటో సచ్చి నెల కూడా కాలే, హైదరాబాద్‌ల ఓ చానల్ గేలతోటి దొంగతనంగ ఫోన్ల మాట్లాడి వెబ్‌సైట్‌ల ఉన్న ఫోటోలు తీసి టీవీల ఏసింది. న్యూస్ చానళ్ల సంఘమే దానికి లక్ష రూపాయల జుర్మానా ఏసి క్షమాపణ చెప్పిచ్చింది. అంటే ఇది తప్పని మీ లైన్ల ఉన్నోళ్లకు ఎప్పటినుంచో ఎరుకే.

మీ మండల విలేకరి మీద నాకు కోపం లేదు, లైన్ అకౌంట్ (అచ్చైన లైన్లను బట్టి పైసలు) మీద బతికేటోడు ఏది దొరికితే అది పంపుతడు. దాన్ని చూసి హెడ్డింగ్ పెట్టి పేజీల కూసోబెట్టింది డెస్కు. "గ్రామస్తులు పట్టుకున్నరు" అని రాసినప్పుడు, ఆ గ్రామస్తులకు లాడ్జి రూం తలుపు కొట్టే హక్కు ఎవడిచ్చిండు అని ఒక్కరన్న అడిగి ఉంటే బాగుండు.

అసలు నేను ఈ ఉత్తరం రాసింది గల్ఫ్ గురించి. నిర్మల్, నిజామాబాద్, ఇటు మా దిక్కు ఊర్ల నుంచి కువైట్, సౌదీ, దుబాయ్ పోయినోళ్లు ఎంతమందో మీకు చెప్పే పని లేదు. కువైట్ చట్టంల మొగోళ్ల నడుమ ఇష్టంతోటి జరిగినా ఏడేండ్ల దాక జైలు ఉన్నది, సౌదీలనైతే షరియా కింద జడ్జి ఉరి దాక పోవచ్చు. ఒకప్పుడు జిల్లా పేజీ జిల్లాలనే ఉండేది, సాయంత్రానికి మిర్చిబజ్జీలు చుట్టిస్తుండ్రి. ఇప్పుడు పొద్దుగాల ఆరింటికే పేజీ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల ఏస్తే గల్ఫ్ లేబర్ క్యాంపుల షిఫ్టు ఎక్కకముందే అందరు చూస్తరు. ఇక్కడ అది ఇజ్జత్ సంగతి, మహా అంటే ఊరు ఇడిసిపెట్టి పుణె పోతరు. అక్కడ పాస్‌పోర్ట్ కంపెనీ చేతుల ఉంటది, రూంల గొడవైనోడు ఎవడన్న ఆ కటింగ్ చూపిస్తే ఏమైతదో ఆలోచన చేయుండ్రి. ఏజెంట్ల మోసాల మీద మీరు మంచి వార్తలు ఏస్తరు, అక్కడ ఫోన్ల ఏముంటే పట్టుకపోతరో, పట్టుకపోతే ఎంబసీకి ఎట్ల ఫోన్ చేయాల్నో అది కూడా ఒకసారి ఏస్తే ఉపయోగం ఉంటది.

అచ్చేసిన పేపర్‌ను ఏం చేయలేం. ఈ-పేపర్‌ల, వెబ్‌సైట్‌ల మాత్రం ఆ ఫోటో, ఊరి పేరు, తండ్రుల పేర్లు ఇంకా అట్లనే ఉన్నయి, నిన్ననే చూసిన. తీసేయుండ్రి. ఆ ఇద్దరిల ఒక పిలగాని వీసా వచ్చే నెల స్టాంపింగ్‌కు పోతున్నదని ఇక్కడ అనుకుంటున్నరు.

– ఒక పాఠకుడు, ధర్మాబాద్