రెంబ్రాంట్ ఏడు ఉత్తరాలు

సంపాదకులకు,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ చివరి రోజుల దారిద్ర్యాన్ని మనసు కరిగేలా చెప్పింది. కానీ డబ్బు సంగతి పట్టించుకోకపోవడమే నిజమైన చిత్రకారుడి లక్షణమన్న అర్థం వచ్చేలా ముగిసింది. బొమ్మలు నేర్చుకునే పిల్లలూ మీ పత్రిక చదువుతారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

1606లో హాలెండులోని లైడెన్‌లో పిండిమర నడిపే ఇంట పుట్టిన రెంబ్రాంట్, ఆమ్‌స్టర్‌డామ్‌లో పీటర్ లాస్ట్‌మన్ దగ్గర ఆరు నెలలు పని నేర్చుకుని, ఇరవై ఏళ్ల ప్రాయానికే సొంత ఊళ్లో చిత్రశాల తెరిచి, శిష్యులను చేర్చుకున్నాడు. 1631లో ఆమ్‌స్టర్‌డామ్ చిత్రాల వ్యాపారి ఐలెన్‌బర్గ్‌కు వెయ్యి గిల్డర్లు (అప్పటి డచ్ నాణేలు) అప్పిచ్చాడు. ఆ తర్వాత ఆయన ఇంట్లోనే ఉంటూ నగరంలోని ధనిక వర్తకుల రూపచిత్రాలు వరసగా గీశాడు.

మరుసటి ఏడాది శస్త్రవైద్యుల సంఘం కోసం గీసిన చిత్రంలో డాక్టర్ తుల్ప్ శవం ముంజేతి కండరాలను పటకారుతో పైకెత్తి చూపిస్తుంటాడు. చుట్టూ ఏడుగురు. ఎవరి ముఖమూ మరొకరి వెనక దాగిపోదు, అయినా అందరూ ఒకే క్షణంలో ఊపిరి బిగబట్టినట్టుంటారు. అడిగినవారి కోసం గీసిన బొమ్మ అయినంత మాత్రాన అందులో కళ ఎక్కడ తగ్గిందో ఎవరైనా చూపించగలరా? సంతకం విషయంలోనూ ఆయనది ముందుచూపే. మొదట్లో పొడి అక్షరాలతో సరిపెట్టుకున్నవాడు, ఆ రోజుల్లోనే ఒక్క 'రెంబ్రాంట్' అన్న పేరుతోనే సంతకం చేయడం మొదలుపెట్టాడు.

ఆయన రాసినవాటిలో మనకు దక్కినవి ఏడు ఉత్తరాలు. ఏడూ యువరాజు ఫ్రెడరిక్ హెండ్రిక్ కార్యదర్శి హైగెన్స్‌కు రాసినవే. యువరాజు చేయించుకున్న క్రీస్తు శ్రమల చిత్రాల గురించి, వాటి డబ్బు గురించి రాసినవి. 1639లో రెండు చిత్రాలకు ఒక్కోదానికి వెయ్యి గిల్డర్లు అడిగాడు, ఆరువందల చొప్పున ముట్టాయి. అదే ఏడాది పదమూడు వేల గిల్డర్లకు ఇల్లు కొన్నాడు. 1656లో దివాలా తీయడానికి ఆ ఇంటి బాకీ ఒక ముఖ్య కారణం. సంపాదించడం తెలిసినవాడే, నిలుపుకోవడంలో పొరబడ్డాడు.

నా అనుభవమూ చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ గోడ మీద నలభై అడుగుల చిత్రం నోటిమాట మీద గీసి, సగం డబ్బు పోగొట్టుకున్నాను. నాలుగేళ్ల చదువులో బిల్లు ఎలా రాయాలో నాకెవరూ నేర్పలేదు. చిత్రకళ బోధించే కళాశాలలన్నీ ధర కట్టడం, బయానా తీసుకోవడం, ఒప్పందం కాగితం మీద పెట్టించుకోవడం, గీసిన బొమ్మ మీద మిగిలే హక్కులు కాపాడుకోవడం ఒక్క సెమిస్టరైనా నేర్పాలని, ఈ విషయాన్ని మీ పత్రిక ఉన్నత విద్యాశాఖ దృష్టికి తేవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డ్రాయింగు మాస్టారు,
తెనాలి