డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్క రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో హెర్నియా మీద వ్యాసం చదివాను. బరువులెత్తే మగవాళ్లకు వస్తుందని, చిన్న ఆపరేషన్ అని, మర్నాడే ఇంటికెళ్లిపోవచ్చని రాశారు. గజ్జల్లో వచ్చేదానికి అది సరిపోతుందేమో. నాది అది కాదు, పాత ఆపరేషన్ కోత దగ్గర పొట్ట కండరాలు విడిపోయి, పేగులు ఉబ్బుగా బయటికి తోసుకొచ్చే రకం. మా సొంతూరు గూడూరు, చెన్నై పెరంబూరులో ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. నా హెర్నియాకు ఐదు గంటల ఆపరేషన్, ఆరు రోజులు ఆస్పత్రి. దానికి ముందు ఐదు నెలలు తయారీకే పట్టింది.

అంతకుముందు రెండు సిజేరియన్లు. 2013లో గర్భసంచి తీసేశారు, బొడ్డు కింద నిలువు కోత. షుగర్ ఉండటంతో కుట్లు చీము పట్టి పది రోజులు కట్లు కట్టించుకున్నాను. రెండేళ్లకు కోత పక్కన నిమ్మకాయంత ఉబ్బు తేలింది. దగ్గితే బయటికి, పడుకుంటే లోపలికి. వీధి చివర డాక్టరు గ్యాస్ అన్నాడు. మా ఆడపడుచు "వయసు మీద పడితే పొట్ట రాదా వదినా?" అంది. బెల్టు కొనుక్కుని మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాను.

అలా ఏడేళ్లు. నిమ్మకాయ కాస్తా కొబ్బరికాయ అయింది. తుమ్మొస్తే ఎడం చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయేది. పక్కకి ఒత్తిగిలి మంచం పట్టె పట్టుకుంటే తప్ప లేవలేను. కుచ్చిళ్లు నిలిచేవి కావు. ఒకరోజు 29సి బస్సులో కాలేజీ పిల్ల ఒకతె లేచి సీటిచ్చి, "ఎత్తన మాసం అక్కా?" అని అడిగింది, ఎన్నో నెల అని. అప్పటికి నాకు 52. ఏం చెప్తాం, కూర్చున్నాను.

చివరికి ఒక సర్జన్ గారు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు ఆనించకుండా తల ఎత్తమన్నారు. ఉబ్బు ఒక్కసారిగా పైకి లేచింది. ఆయన నాలుగు వేళ్లూ మధ్యలో దిగిపోయాయి. స్కాన్‌లో కండరాల మధ్య ఖాళీ 14 సెంటీమీటర్లు. పేగులు చాలావరకు ఆ సంచిలోనే కాపురం పెట్టేశాయి. ఇన్నేళ్లు బయటున్నవాటిని ఒక్కసారిగా లోపలికి తోస్తే ఊపిరాడటం కష్టమవుతుందట. అందుకే ఆ ఐదు నెలలు. మూడు నెలల షుగర్ సగటు 9.4 నుంచి 7.1కి దింపాను, ఎనిమిది కిలోలు తగ్గాను. నెల రోజుల ముందు పొట్టకు రెండు పక్కలా కండరాల్లో బొటాక్స్ సూదులు వేశారు. అవునండీ, సినిమావాళ్లు ముడతలకు వేయించుకునే మందే. కండరం బిగువు తగ్గి సాగుతుందట.

ఆపరేషన్ ఎలా చేస్తారో స్కాన్ కవరు వెనక బొమ్మ గీసి చూపించారు. పొట్ట పక్కన కండరాలు మూడు పొరలు. వాటిలో అన్నిటికన్నా లోపలి పొరను రెండు వైపులా కోసి విడదీస్తే మిగతాది మధ్యకి జరుగుతుంది. "జాకెట్ బిగుతైతే పక్క కుట్టు విప్పుతాం, అదేనా సార్?" అన్నాను. ఆయన నవ్వారు. లోపల ఏ4 కాగితం కంటే పెద్ద మెష్, అంటే వలలాంటి గుడ్డ, పరిచి, దాని మీద కండరాలను మధ్యకు లాగి కుట్టేశారు. అది నాకు లైనింగ్ అన్నమాట.

ఇంకోటి కూడా చెప్పారు, దర్జీని కాబట్టి అది నాకు బాగా గుర్తుండిపోయింది. 2015లో నెదర్లాండ్స్ డాక్టర్లు 560 మంది మీద చేసిన పరిశీలన లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిందట. పొట్ట మూసేటప్పుడు అంచుకు సెంటీమీటరు ఎడంగా, సెంటీమీటరుకొకటి చొప్పున పెద్ద కుట్లు వేసినవాళ్లలో ఏడాది తిరిగేసరికి నూటికి 21 మందికి కోత దగ్గర హెర్నియా వచ్చింది. అర సెంటీమీటరుకొకటిగా చిన్న కుట్లు వేస్తే 13 మందికి. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలతో నేను రోజూ మొత్తుకునేది ఇదే కదా! నా గర్భసంచి ఆపరేషన్ అంతకు ముందుది కాబట్టి ఆ డాక్టరమ్మ మీద నాకు కోపం లేదు.

ఇన్సూరెన్స్ వాళ్ల మీద మాత్రం ఉంది. ఇది పొట్ట అందంగా కనబడటానికి చేయించుకునే ఆపరేషన్ అని మొదట తిప్పి పంపేశారు. సర్జన్ గారు స్కాన్ జతచేసి ఉత్తరం రాస్తే అప్పుడు డబ్బులొచ్చాయి.

ఇప్పుడివన్నీ ఎందుకు రాస్తున్నానంటే, మొన్న ఒకావిడ కొలతలివ్వడానికి వచ్చి, నడుముకు టేపు చుట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. దగ్గమన్నాను. నిమ్మకాయంత ఉంది. సిజేరియన్ అయి మూడేళ్లట. "గ్యాస్ అన్నారక్కా" అంది.

పొట్ట మీద కోత పెట్టిన ప్రతి మనిషికీ డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్క, చదవగలిగే భాషలో రాసిస్తే ఆస్పత్రులకు పోయేదేముంది? మా వీధిలో అయితే తెలుగులోనూ తమిళంలోనూ కావాలి. నెలలు గడిచాక అయినా, ఏళ్లు గడిచాక అయినా కోత దగ్గర ఉబ్బు వస్తే సర్జన్‌కు చూపించుకోమని. ఆ ఉబ్బు గట్టిపడి, లోపలికి పోకుండా నొప్పి, వాంతులు మొదలైతే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి రమ్మని. నా పాత ఫైలు మళ్లీ తీసి చూశాను. మాత్రల పేర్లున్నాయి, కుట్లు తీసే తారీఖు ఉంది, ఇది లేదు.

మీ వ్యాసంలో బొమ్మ కూడా బియ్యం మూట మోస్తున్న మగవాడిదే. ఈసారి వేసేటప్పుడు చీర కట్టుకున్న మనిషిని వేయండి.

– మీ పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై