మందుల డేటా స్టడీ చేస్తున్నవారికి

అందరికీ నమస్కారం. హాస్పిటల్ రికార్డులతో స్టడీ చేసేటప్పుడు, మందు వాడినవాళ్లను ఏ మందూ వాడనివాళ్లతో పోల్చకండి. జబ్బు ముదిరినవాళ్లకే ఎక్కువగా మందు రాస్తారు కాబట్టి జబ్బు చేసిన హాని మందు ఖాతాలో పడుతుంది. అదే జబ్బుకిచ్చే ఇంకో మందుతో, రెండువైపులా కొత్తగా మొదలుపెట్టినవాళ్లనే తీసుకుని పోల్చండి.

ఎక్కువమంది పొరబడేది కాలం లెక్కలో. జనవరిలో డిశ్చార్జ్ అయి మార్చిలో మందు మొదలుపెట్టిన మనిషి ఆ రెండు నెలలూ బతికి ఉన్నట్టే కదా! ఆ రోజుల్ని మందు వాడిన కాలంలో కలిపితే, మందే ప్రాణం కాపాడినట్టు కనిపిస్తుంది. పేపర్లలో ఇది చూసినప్పుడల్లా బాధేస్తుంది.

పోలిక సరిగ్గా లేకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూడండి. మెనోపాజ్ (నెలసరి ఆగిపోయే దశ) తర్వాత వాడే హార్మోన్లు గుండెకు మంచివని పరిశీలన స్టడీలు (మందు తామే ఇవ్వకుండా, వాడినవాళ్లనూ వాడనివాళ్లనూ గమనించి చేసేవి) చెప్పాయి. 2002లో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే అమెరికా ట్రయల్ (ఎవరికి మందు, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది లాటరీలా తేల్చి చేసిన పరీక్ష) ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది.

మీ స్టడీ ప్రోటోకాల్‌ను (ఎవరిని, ఎలా పోలుస్తారో చెప్పే ప్లాన్) ఫలితాలు చూడకముందే రాసి ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.