గని మూతకు ప్లాన్ ఉంది, మరి ఊరికి?

సంపాదకులు గారికి,

మా ఇల్లెందును పాతవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. ఇక్కడి నేలలో బొగ్గు ఉందని 1871లో భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్ తేల్చాడు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణికి పుట్టినిల్లు ఇదే. అలాంటి ఊళ్లో భూగర్భ బాయిలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

మా నాన్న తట్టా చెమ్మాసుతో (గంప, పారతో) బొగ్గు టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్. నాది చిన్న కిరాణా కొట్టు. పాత ఖాతా పుస్తకం ఒకటి ఇంకా దాచుకున్నాను. అందులో చాలా పేజీల మీద మనిషి పేరు కూడా ఉండదు. ‘21 బాయి, రాత్రి షిఫ్టు, మూల క్వార్టరు’ అని రాసి ఉంటుంది. ఆ మాత్రం రాసుకుంటే చాలు, ఎవరో తెలిసిపోయేది. జీతాల రోజు రాత్రి పది దాటినా షట్టర్ దించేవాళ్లం కాదు, నెల బాకీలన్నీ ఆ పూటే తీరేవి. మొన్న ఆ క్వార్టర్ల వైపు వెళ్లాను. తలుపులు లేవు, పైకప్పు కూలింది. బొగ్గు పొయ్యి పెట్టుకున్న చోట గోడ మాత్రం ఇంకా నల్లగానే ఉంది.

1990ల మొదట్లో సింగరేణిలో ఉద్యోగులు లక్ష దాటి ఉండేవారు. ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చారు. బొగ్గు మాత్రం అప్పటికంటే మూడు రెట్లకు పైగా తీస్తున్నారు, ఎక్కువ భాగం పైనుంచి నేల తవ్వే ఓపెన్‌కాస్ట్‌ గనుల్లో, యంత్రాలతోనే. బాయిలు మళ్లీ తెరవమని నేను అడగడం లేదు. రాత్రంతా దగ్గే నాన్న పక్కన పడుకుని పెరిగినవాణ్ణి, ఆ పని ఎంత కష్టమో తెలుసు.

నేను అడిగేది వేరు. ప్రతి బొగ్గు గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలని, అందుకయ్యే డబ్బు ముందే ఎస్క్రో ఖాతాలో (ఆ పనికి తప్ప తీయకూడని ఖాతాలో) వేయాలని కేంద్ర బొగ్గు శాఖ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. గని చుట్టూ లేచిన ఊరికి కూడా అలాంటి ప్రణాళిక ఒకటి ఉండొద్దా? 2015లో గనుల చట్ట సవరణతో, గనుల వల్ల ఇబ్బంది పడే ప్రాంతాల కోసం జిల్లా ఖనిజ నిధి వచ్చింది. పాత లీజులైతే గని నడిపేవాళ్లు ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం దాకా ఈ నిధికి కట్టాలి. నడుస్తున్న గనుల మీద వచ్చే ఈ డబ్బులో, గనులు మూతపడ్డ ఊళ్లకంటూ కొంత వాటా విడిగా పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను. డిగ్రీ చదివి హైదరాబాద్‌లో డెలివరీ బండ్లు నడుపుతున్న మా పిల్లలకు ఇక్కడే ఏదైనా పని నేర్పే కేంద్రం పెట్టొచ్చు. దానికి కొత్త బిల్డింగ్ కూడా అక్కర్లేదు.

ముందుగా ఖాళీ క్వార్టర్లు, వాడని స్థలాలు ఎన్ని ఉన్నాయో లెక్క తీసి మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డు మీద పెట్టాలి. వానాకాలం లోపు ఆ పని జరిగితే, నిలబడి ఉన్న గోడలైనా దక్కుతాయి.

- ఒక కిరాణా వ్యాపారి, ఇల్లెందు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా