లెక్కలో లేని పరుగు

చిరంజీవి స్వాతికి, నాన్న ఆశీస్సులు.

రాత్రి నువ్వు ఏడ్చి ఫోన్ పెట్టేశాక నాకు కన్ను మూతపడలేదు. "సెలెక్ట్ అయిన అమ్మాయిల పక్కన నన్ను ఊరికే పరిగెత్తమంటున్నారు నాన్నా, నా టైమ్ కూడా రాయరట, ఇంకెందుకు?" అన్నావు. ఫోన్‌లో అయితే మధ్యలో గొంతు పట్టేస్తుంది, అందుకే రాస్తున్నాను.

ఆస్ట్రియాలో హెర్మన్ మైయర్ అని ఒకాయన ఉన్నాడు. మంచు కొండల మీద స్కీ పోటీలు ఆడేవాడు. వాళ్ల ఊరు ఫ్లాఖావ్, నాన్న అక్కడ స్కీ స్కూల్ నడిపేవాడు. పదిహేనేళ్లప్పుడు శ్లాడ్మింగ్‌లోని స్కీ బడి నుంచి ఇతన్ని ఇంటికి పంపేశారు. ఒంట్లో బలం చాలదు, మోకాళ్ల నొప్పులు అన్నారు. నిన్ను ఎత్తు చాలదని హాస్టల్ నుంచి పంపినట్టే. ఆ రోజు బస్టాండ్‌లో నీ పెట్టె మోస్తూ నీతో ఒక్క మాటా మాట్లాడలేకపోయాను. అది నాకింకా బాధగానే ఉంది తల్లీ.

తర్వాత అతను ఏం చేశాడో తెలుసా? తాపీ పని. ఎండాకాలం గోడలు కట్టడం, చలికాలం స్కీ నేర్పడం. ఈ సంగతి తెలిసినప్పుడు నా ఒళ్లు జలదరించింది. ఆ పని ఏమిటో నాకు తెలుసు కదా. సిమెంటు తిన్న వేళ్లకు పచ్చడి అన్నం కలుపుకున్నా మంటే. సాయంత్రం పరంజా దిగేసరికి నడుం మనది కాదు. అలాంటి ఒంటితో అతను మళ్లీ కొండెక్కాడు.

1996 జనవరిలో వాళ్ల ఊళ్లోనే ప్రపంచకప్ జెయింట్ స్లాలమ్ పోటీ. స్కీలో ప్రపంచకప్ అంటే ప్రతి చలికాలం ఊరూరా జరిగే పోటీల వరుస. పాతిన జెండా కర్రలను చుట్టుకుంటూ కొండ దిగాలి. సెకనులో నూరో వంతు తేడాతో గెలుపోటములు తేలిపోతాయి. అసలు పోటీకి ముందు దారి సరిగ్గా ఉందో లేదో చూడటానికి కొందరిని కిందికి వదులుతారు. వాళ్ల పరుగు లెక్కలోకి రాదు. ఆ కొందరిలో ఇతనొకడు, 23 ఏళ్ల తాపీ మేస్త్రి. పోటీలో ఉండి ఉంటే ఆ టైమ్‌కి 12వ స్థానం వచ్చేది! అది జట్టు వాళ్ల కళ్లలో పడింది. ఫిబ్రవరికల్లా ప్రపంచకప్‌లో దిగాడు. మరుసటి ఏడాది జర్మనీలోని గార్మిష్‌లో తొలిసారి గెలిచాడు. ఎలాగూ లెక్కలో లేదు కదా అని ఆ రోజు నెమ్మదిగా దిగి ఉంటే అతన్ని ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు.

1998 నగానో ఒలింపిక్స్ వీడియో నువ్వు తప్పకుండా చూడు. డౌన్‌హిల్‌లో, అంటే అన్నిటికన్నా వేగంగా కొండ దిగే పోటీలో, గాల్లోకి ఎగిరి, తలకిందులై, రెండు వలలు తెంచుకుని మంచులో పడ్డాడు. మొదటిసారి చూసినప్పుడు మీ అమ్మ కళ్లు మూసుకుంది. మంచులోంచి తనే లేచాడు. మూడు రోజుల తర్వాత సూపర్ జీ అనే ఇంకో స్కీ పోటీలో బంగారు పతకం, ఆపైన జెయింట్ స్లాలమ్‌లో ఇంకొకటి. 2001లో మోటార్ సైకిల్ ప్రమాదంలో కాలు పోయేంత పనైంది. 2003 జనవరిలో ఆస్ట్రియాలోనే కిట్స్‌బ్యూల్ అనే ఊళ్లో మళ్లీ గెలిచాడు. మొత్తం 54 ప్రపంచకప్ విజయాలు, నాలుగుసార్లు ఓవరాల్ కప్పు, అంటే ఆ ఏడాది పోటీలన్నీ కలిపి మొదటి స్థానం. ఇవన్నీ గొప్పవే. నాకు మాత్రం మనసంతా ఆ ఫ్లాఖావ్ పరుగు దగ్గరే ఉండిపోయింది.

నువ్వు పరిగెత్తు అమ్మా. వాళ్ల వెనక తగ్గి కాదు, నీ పూర్తి పరుగు. ఆదివారం స్లాబ్ పని లేదు, పొద్దున్నే మొదటి బస్సుకి వస్తాను. మీ మామయ్య దగ్గర స్టాప్‌వాచ్ అడిగాను, ఇస్తానన్నాడు. వాళ్లు రాయకపోతే మానె, కూలీల లెక్కలు రాసే పుస్తకంలో నీ టైమ్ నేను రాస్తాను.

ఇట్లు,
నీ నాన్న