విస్కీ సీసా మీద అసలు వివరాలు ఉండాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

విస్కీ రుచి ఉత్సవాల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివి ఈ లేఖ రాస్తున్నాను. ఇవి డబ్బున్నవాళ్ళు ఖరీదైన మందు తాగి ఊగడానికి పెట్టుకున్న వేడుకలని, ఈ జబ్బు నగరాల నుంచి చిన్న పట్టణాలకు పాకుతోందని వ్యాసకర్త రాశారు. మద్యం వల్ల కుటుంబాలు చితికిపోతున్న తీరును ఆయన వివరించిన భాగంతో నాకు ఏ విభేదమూ లేదు. ఉత్సవంలో ఏం జరుగుతుందో చెప్పిన భాగం మాత్రం కళ్ళతో చూసి రాసినట్టు లేదు. బరంపురం నుంచి కొందరు మిత్రులం కలిసి ఈమధ్య కోల్‌కతాలో అటువంటి ఉత్సవానికి వెళ్ళి వచ్చాం. అక్కడ చూసిన సంగతులను, వాటివల్ల నాలో బలపడిన ఒక కోరికను మీ పాఠకుల ముందు ఉంచదలిచాను.

మా బృందంలో పట్టుచీరల వ్యాపారి ఒకరు, కళాశాలలో రసాయనశాస్త్రం బోధించే అధ్యాపకుడు ఒకరు, రైల్వేలో పనిచేసి పదవీ విరమణ పొందిన పెద్దాయన ఒకరు ఉన్నారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుకునే మామూలు గంజాం జిల్లా మనుషులం. అప్పుడప్పుడు ఎవరో ఒకరి ఇంట్లో కలుసుకుని, అందరం డబ్బు వేసుకుని కొన్న ఒక సీసా నుంచి తలా కాస్త పోసుకుని, తోచిన వాసనలను పుస్తకంలో రాసుకోవడం మాకు అలవాటు. ఊళ్ళో దొరికే రకాలు కొద్ది కాబట్టి, ఎన్నో రకాలను ఒకేచోట పోల్చి చూసే అవకాశం కోసం రైలెక్కాం. తిరుగు ప్రయాణం కూడా రైల్లోనే పెట్టుకున్నాం, ఎవరూ బండి నడపాల్సిన అవసరం రాకుండా.

ద్వారం దగ్గరే వయసు గుర్తింపు చూశారు. పశ్చిమ బెంగాల్‌లోనూ మన ఒడిశాలోనూ 21 ఏళ్ళు నిండనివారికి మద్యం ఇవ్వడానికి వీల్లేదు. లోపల ఒక్కొక్క తయారీ సంస్థకు ఒక్కొక్క బల్ల, బల్లమీద సీసాల పక్కనే మంచినీళ్ళ కూజాలు, ఉప్పులేని బిస్కట్లు, నోట్లో తిప్పి చూసినది ఉమ్మేయడానికి గిన్నెలు. ఒక్కొక్కసారి పోసేది పెద్ద పెగ్గులో నాలుగో వంతు, అంటే 15 మిల్లీలీటర్లకు మించదు. దాన్ని ఉమ్మేయడం ఇక్కడ అమర్యాద కాదు. పదిరకాలు పరీక్షించి నాలుగు చుక్కలైనా మింగని అనుభవజ్ఞులను అక్కడ చూశాం. అత్తరు పూసుకుని రావద్దని టికెట్టు మీదే అచ్చువేశారు. పొగవాసన గల విస్కీలను చివరికి ఉంచుకోవాలని, ముందే వాటిని రుచి చూస్తే తరువాతి సున్నితమైన రకాలు నాలుకకు అందవని, ప్రతి బల్ల దగ్గరా ఎవరో ఒకరు ఓపికగా చెప్పారు.

గ్లాసు గురించి కూడా చెప్పాలి. 2001లో వచ్చిన గ్లెన్‌కెయిర్న్ గ్లాసు అడుగున వెడల్పుగా, పైకి వచ్చేకొద్దీ సన్నగా ఉంటుంది. ఆవిరి చెదిరిపోకుండా ఆ సన్నని అంచు దగ్గర నిలుస్తుంది. నోరు కొద్దిగా తెరిచి, ముక్కును అంచుకు మరీ ఆనించకుండా పట్టుకుంటే ఆల్కహాలు ఘాటు వెనక్కి తగ్గి దాని వెనకనున్న పరిమళాలు ఒక్కొక్కటే బయటపడతాయి. రైల్వే పెద్దాయనకు ఒక విస్కీలో బెల్లం పాకం, ఎండు ఖర్జూరం దొరికాయి. అది షెర్రీ అనే స్పెయిన్ ద్రాక్ష మద్యం ఉంచిన పీపాలో పెరిగినదని బల్ల దగ్గరి అమ్మాయి చెప్పింది. స్కాట్లాండ్‌లోని ఐలా ద్వీపం నుంచి వచ్చిన విస్కీని వాసన చూసి పట్టుచీరల మిత్రుడు, కట్టెలపొయ్యి మీద చేపలు ఎండబెట్టిన వంటిల్లు గుర్తొస్తోందన్నాడు. మొలకెత్తించిన బార్లీని అక్కడ పీట్ అనే బురదనేల మట్టిని కాల్చి, ఆ పొగమీద ఆరబెడతారు. అతను చెప్పిన మాట అచ్చంగా సరైనది.

నాలుగు చుక్కల నీళ్ళు కలిపితే వాసన ఎందుకు విచ్చుకుంటుందన్న చర్చ అక్కడ చాలాసేపు సాగింది. మా అధ్యాపక మిత్రుడు వివరించినది నాకు బాగా నచ్చింది. స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు బ్యోర్న్ కార్ల్‌సన్, రాన్ ఫ్రీడ్‌మన్ 2017లో కంప్యూటరు లెక్కలతో ఈ విషయాన్ని పరిశీలించారు. పొగవాసనకు కారణమైన పదార్థాల్లో గ్వాయకోల్ ఒకటి. ఆల్కహాలు 59 శాతానికి మించితే గ్వాయకోల్ అణువులను ఆల్కహాలు అణువులు చుట్టుముట్టి ద్రవం లోపలికి లాక్కుపోతాయి. 45 శాతం, అంతకు తక్కువ ఉన్నప్పుడు అవి పైపొరకు చేరి గాలికి అందుతాయి, ముక్కుకూ అందుతాయి. గాఢమైన విస్కీకి నీరు చేర్చడం దాన్ని చెడగొట్టడమని మనవాళ్ళలో చాలామంది అనుకుంటారు. విస్కీలను కలిపి సమం చేసే నిపుణులు వాసన చూసేటప్పుడు దాన్ని 20 శాతం దాకా పలచన చేసుకుంటారని తెలిస్తే ఆ అభిప్రాయం మారుతుంది.

ఇదంతా పరాయి దేశపు ముచ్చటని మీ పాఠకులు అనుకోనక్కరలేదు. వానాకాలంలో మా ఛత్రపూర్, రంగేయిలుండ వైపు ఊళ్ళలో మొగలిపూలను రాగి పాత్రల్లో మరిగించి, ఆవిరిని చల్లబరిచి, అత్తరు తీసే బట్టీలు నడుస్తాయి. మంట ఏ పాటి ఉండాలో, ఆవిరి ఎప్పుడు తెగుతుందో చేతితో తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళలో ఉన్నారు. మాల్ట్ విస్కీ, అంటే మొలకెత్తించిన బార్లీతో చేసే విస్కీ, తీసేదీ రాగి పాత్రలోనే. రాగి అందులోని గంధక సంబంధమైన చెడువాసనలను పట్టేస్తుంది. మొదట వచ్చేదాన్నీ చివర వచ్చేదాన్నీ పక్కకు తీసి, మధ్యభాగాన్నే పీపాలకు పంపుతారు. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి, మరోచోట తీసినదానికి ఆ పేరు పెట్టి అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. స్కాట్లాండ్ విస్కీ అయిన స్కాచ్‌కు కూడా మన దేశంలో ఆ గుర్తింపే ఉంది.

స్కాచ్ అని పిలవాలంటే ఏం ఉండాలో 2009 నాటి బ్రిటన్ నిబంధనలు గీత గీసి చెబుతాయి. ధాన్యం నుంచే తీయాలి, 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో స్కాట్లాండ్‌లోనే కనీసం 3 ఏళ్ళు ఉంచాలి, సీసాలో 40 శాతానికి తగ్గకూడదు, నీరు, రంగు కోసం కేరమెల్ తప్ప ఇంకేదీ చేర్చకూడదు. సీసా మీద 12 ఏళ్ళు అని వేస్తే, అందులో కలిసిన విస్కీలన్నింటిలోకీ అతి చిన్నదాని వయసు అది. ఐరోపా సమాఖ్య నిబంధనలు కూడా విస్కీ ధాన్యం నుంచే రావాలని, కనీసం 3 ఏళ్ళు కర్ర పీపాలో ఉండాలని చెబుతాయి. ఉత్సవంలో ఏ బల్ల దగ్గర నిలబడినా మేం అడిగిన ప్రశ్నలు ఇవే: దేనితో చేశారు, ఎన్నాళ్ళు ఉంచారు, ఏ పీపాలో ఉంచారు? ప్రతిచోటా జవాబు వచ్చింది.

ఊరికి తిరిగివచ్చాక ఇవే ప్రశ్నలు మన దుకాణంలో అడిగితే జవాబు చెప్పగలిగినవాళ్ళు లేరు. అది దుకాణదారు తప్పు కాదు. సీసా మీదే లేని సంగతి అతను ఎక్కడి నుంచి తెస్తాడు? ప్రపంచంలో అత్యధిక పరిమాణంలో విస్కీ అమ్ముడయ్యే దేశం మనది. అందులో పెద్దభాగం న్యూట్రల్ స్పిరిట్‌కు, అంటే రుచీ వాసనా దాదాపు లేని శుద్ధ ఆల్కహాలుకు, కొంత మాల్ట్ విస్కీనో స్కాచ్‌నో కలిపి, రంగు, వాసన సరిచేసి తయారుచేసినది. ఆ స్పిరిట్ ధాన్యం నుంచి రావచ్చు, చక్కెర మిల్లులో మిగిలే మొలాసిస్ నుంచి కూడా రావచ్చు. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో ప్రకటించిన నిబంధనలు విస్కీ అనే పేరు కింద ఈ రెండింటినీ అనుమతిస్తున్నాయి. మొలాసిస్‌తో చేసినదాన్ని ఐరోపాలో ఆ పేరుతో అమ్మనివ్వరు.

మొలాసిస్ స్పిరిట్‌ను నేను కించపరచడం లేదు. అస్కాలో చెరకు ఆడి, మొలాసిస్‌తో మద్యం తీసే పని మా జిల్లాలో తరాలుగా ఉంది. చెరకు రైతుకు అది ఆదాయం, ఎంతోమందికి కూలి. చెరకు నుంచి మంచి రమ్ము వస్తుంది, దాన్ని రమ్ము పేరుతోనే గర్వంగా అమ్ముకోవచ్చు. కొనేవాడికి చెప్పకుండా దాన్ని విస్కీగా చెలామణి చేయడమే నాకు సమ్మతం కాదు. ఇందువల్ల నిజంగా బార్లీతో శ్రమపడి చేసే మన దేశపు తయారీదారులకూ అన్యాయం జరుగుతోంది. బెంగళూరులోని అమృత్ సంస్థ తన సింగిల్ మాల్ట్‌ను, అంటే ఒకే బట్టీలో మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేసిన విస్కీని, 2004 ఆగస్టులో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలోనే విడుదల చేసింది. స్కాచ్ పుట్టినింట్లో భారతీయ విస్కీని పరీక్షకు పెట్టిన ఆ ధైర్యాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. భారతీయ బార్లీకి స్కాట్లాండ్ పొగబార్లీని జోడించి వాళ్ళు చేసిన ఫ్యూజన్ అనే విస్కీని విమర్శకుడు జిమ్ మర్రే తన ‘విస్కీ బైబిల్’ పుస్తకం 2010 సంచికలో ప్రపంచంలో మూడో స్థానంలో నిలిపారు. ఆ తరువాత గోవా నుంచి పాల్ జాన్, ఉత్తరప్రదేశ్ నుంచి రాంపూర్, హర్యానా నుంచి ఇంద్రి వచ్చాయి. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏడాదికి 2 శాతం దాకా ఆవిరైపోతే, బెంగళూరు వేడిలో 10 శాతం, ఒక్కోసారి అంతకు మించి పోతుంది. అంత నష్టం భరించి పీపాలను కాచుకున్నవాళ్ళ సీసా, ఒక్క ఏడాది కూడా పీపా ముఖం చూడని సీసా మన దుకాణంలో ఒకే అరలో, ఒకే పేరుతో కూర్చుంటున్నాయి. ఏది ఏదో కొనేవాడికి ఎలా తెలియాలి?

మన సీసాల్లో చాలావాటి మీద ఆల్కహాలు 42.8 శాతం అన్న అంకె కనబడుతుంది. మద్యం గాఢతకు బ్రిటిష్ వాళ్ళు వాడిన పాత ప్రూఫ్ కొలతలో 75 డిగ్రీలకు సమానమైన అంకె అది. మద్యం ఆరోగ్యానికి హానికరమని, తాగి వాహనం నడపవద్దని హెచ్చరిక వేయాలన్న నిబంధన 2019 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది, అది ఎంతో అవసరమైనది. వీటి సరసన మరికొంత సమాచారం అచ్చువేయడానికి సీసా మీద చోటు లేకపోలేదు. స్పిరిట్ ధాన్యానిదా మొలాసిస్‌దా, అందులో మాల్ట్ విస్కీ ఎన్నో వంతు, పీపాలో ఉంచి ఉంటే ఎన్నేళ్ళు ఉంచారు, రంగుగానీ సువాసనగానీ కలిపారా అన్నవి స్పష్టమైన అక్షరాల్లో ఉండాలని నేను కోరుతున్నాను. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దేశం మొత్తానికి ఈ నిబంధన తేగలదు. అది వచ్చేదాకా ఆగనక్కరలేదు కూడా. లేబుళ్ళను నమోదు చేసే అధికారం ఉన్న రాష్ట్ర ఎక్సైజ్ శాఖ, నమోదు సమయంలోనే ఈ వివరాలు అడగవచ్చు.

ఇప్పుడే ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. 2025 జులై 24న భారత్, బ్రిటన్ సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం స్కాచ్ మీద 150 శాతం ఉన్న దిగుమతి సుంకాన్ని ముందు 75 శాతానికి, పదేళ్ళలో 40 శాతానికి తగ్గించడానికి ఉద్దేశించినది. బయటి సరుకు ధర దిగివచ్చేసరికి మన మాల్ట్ తయారీదారులు పేరు మీదా నాణ్యత మీదా పోటీపడాలి. విస్కీ అన్న పేరుకు కచ్చితమైన చట్టపరమైన అర్థం లేకపోతే వాళ్ళు దేన్ని చూపి అమ్ముకుంటారు?

మరో సంగతి కూడా ఉంది, ఇది రాయడానికి మనసు బరువెక్కుతోంది. 2024 ఆగస్టులో మా జిల్లా చికిటి ప్రాంతంలో నాటుసారా తాగినవారిలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. పాకల్లో అమ్మే సారా మీద లేబుల్ వేయమని ఎవరూ అడగలేరు, అక్కడ కావలసింది పోలీసులు, ఎక్సైజ్ అధికారుల నిఘా. కానీ గ్లాసులో ఏముందని అడిగే అలవాటు మన సమాజంలో ఏ స్థాయిలోనూ లేదన్నది ఆ ఘటన తరువాత నన్ను వేధించిన ఆలోచన. కూరగాయల బండి దగ్గర వంకాయను నాలుగువైపులా తిప్పిచూసే మనం సీసా విషయంలో ధర తప్ప ఏమీ అడగం. ఆ ప్రశ్న గట్టిగా అడుగుతూ మనుషులు గంటల తరబడి నిలబడిన చోటును నేను ఆ ఉత్సవంలోనే చూశాను, అందుకే మీ వ్యాసం నన్ను అంతగా నొప్పించింది.

ఎంత తక్కువైనా మద్యం ఆరోగ్యానికి పూర్తిగా క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఆ మాటను నేను తేలిక చేయడం లేదు, తాగనివారిని మొదలుపెట్టమనడమూ లేదు. ఒకవేళ ఆ విషయం మీద మీరు మరో వ్యాసం వేయదలిస్తే, రాసేవారిని ఒకసారి అటువంటి ఉత్సవానికి పంపించి, ఉమ్మేసే గిన్నెలను, నీళ్ళ కూజాలను కూడా చూసి రాయమని చెప్పవలసిందిగా మనవి. దానితోపాటు, మన మార్కెట్లో విస్కీ పేరుతో అమ్ముడయ్యే ప్రధాన రకాల తయారీదారులకు పైన చెప్పిన ప్రశ్నలు మీ పత్రిక తరఫున రాతపూర్వకంగా పంపి, వచ్చిన జవాబులను, రాకపోతే ఆ సంగతిని ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.